తాళం వేసుకుని వచ్చిన దొంగ

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. ఈ ఉద్యోగంలో మిమ్మల్ని మెచ్చుకునేవాళ్లు ఉండరు. మీరు ఆపిన వైరస్ ఎవరికీ కనిపించదు. మీరు ఆపిన పెళ్లి కార్డు మాత్రం బజారంతా కనిపిస్తుంది. మెచ్చుకోలు కావాలంటే వంటలు నేర్చుకోండి. ఇక్కడికొచ్చాక మాత్రం చివరిదాకా గేటు వదలకండి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా ఈ ముక్క నాకు ఎలా అబ్బిందో చెప్పడానికి రాస్తున్నాను.

నేను మెయిల్ సర్వర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. మీరు చేరే ఉద్యోగాలకు ఇప్పుడు ఇంగ్లీషులో గంభీరమైన పేర్లున్నాయి. నాకు మాత్రం ఛత్తాబజార్ వాళ్లు పెట్టిన పేరే గతి: దర్బాన్ సాబ్. అంటే గేటు కాపలావాడు. మొదట్లో చిన్నబుచ్చుకున్నాను. డిగ్రీ చదివింది ఇందుకా అనుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత చూస్తే, నా పనికి అంత సరిగ్గా అతికిన హోదా మరొకటి కనబడదు.

మాది తెనాలి. మామగారిది అక్కడే బియ్యం వ్యాపారం. అల్లుడు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే ఆయన నీళ్లు నమిలేవారు. ఒకసారి నన్నే అడిగారు. "జిప్పులు విప్పి లోపల ఏముందో చూస్తాను మామయ్యగారూ" అన్నాను. నిజమే చెప్పాను. ఆయన ఆ తర్వాత నా ఉద్యోగం ప్రస్తావన తేలేదు.

మూటలు

జిప్ అంటే నొక్కి కట్టిన మూట. ఫోన్ లైను మీద ఇంటర్నెట్ ఈడ్చుకుంటూ నడిచే రోజుల్లో పెద్ద ఫైలు పంపాలంటే దాన్ని కుదించి మూట కట్టక తప్పేది కాదు. మా ఆఫీసు నయాపూల్‌లో, కోర్టు వైపు తిరిగే రోడ్డు మీద, మేడ మీద ఉండేది. కిటికీ తెరిస్తే మూసీ వాసన, మూస్తే ఉక్కపోత. యజమాని నర్సింగరావు మొదట ఎస్టీడీ బూత్ నడిపి, తర్వాత కాలం గ్రహించి ఇంటర్నెట్, మెయిల్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టాడు. మా ఖాతాదారుల్లో ఎక్కువమంది ఛత్తాబజార్ ప్రెస్సుల వాళ్లు. పెళ్లి కార్డులు, విజిటింగ్ కార్డులు, ధూల్‌పేట్ వినాయకుల సీజన్‌లో మండపాల చందా రసీదులు, ఎలక్షన్లొస్తే పోస్టర్లు. డిజైన్లన్నీ మూటలుగా వచ్చేవి, మూటలుగా పోయేవి.

నా పని ఆ మూటల్ని దారిలో ఆపి, విప్పి, లోపల వైరస్ లేదని చూసి, మళ్లీ పంపించడం. నిజానికి సర్వర్ చేసేది. అది సరిగా చేస్తోందో లేదో చూసేది నేను. మూటలో మూట, దాంట్లో ఇంకో మూట కట్టి పంపే మహానుభావులుండేవారు. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలుచుకుంటూ పోవాలి. సర్వర్‌కు కన్నీళ్లు రావు కాబట్టి దాని వంతు కూడా నేనే పెట్టుకునేవాణ్ణి.

తాళం ఉంటే మనవాడే

ఛత్తాబజార్‌లో ఒక పద్ధతి ఉండేది. డిజైన్ ఏదైనా తాళం వేసి పంపాలి. అంటే జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్పాలి. పక్క ప్రెస్సువాడు డిజైన్ కొట్టేస్తాడన్నది ఒక భయం. అంతకంటే పెద్దది నజర్, అంటే దిష్టి. కార్డు పంచేలోపు పెళ్లికూతురి పేరు బయటి కళ్లబడకూడదని ఇళ్లల్లో పెద్దవాళ్లు పట్టుబట్టేవారు. దుబాయ్‌లో ఉన్న మేనమామ కార్డు మేటర్ పంపినా తాళం వేసే పంపేవాడు.

దీంతో ఆ బజారులో ఒక నమ్మకం కుదిరిపోయింది. తాళం లేని మూట ఎవడిదో తెలియదు. తాళం ఉన్న మూట మనవాడిది. నేను ఉప్పుగూడ నుంచి రోజూ ఆ బజారు మీదుగా నడిచిపోయేవాణ్ణి, ఈ నమ్మకం నాకు బాగా తెలుసు. బాగానే ఉందనుకున్నాను. తలుపుకు తాళం ఉంటే ఎవరికి మంచిది కాదు?

వైరస్ రాసేవాళ్లకు ఇంకా మంచిది. మూటకు తాళం ఉంటే నా సర్వర్ లోపలికి చూడలేదు. ఈ సంగతి వాళ్లు కనిపెట్టి, వైరస్‌నే తాళం వేసిన జిప్‌లో పెట్టి పంపడం మొదలుపెట్టారు. పాస్‌వర్డ్ అదే మెయిల్‌లో, అదీ బొమ్మ రూపంలో ఉండేది. మనిషి చదవగలడు, సర్వర్ చదవలేదు. తాళం వేసినా లోపలి ఫైళ్ల పేర్లు బయటికి కనిపిస్తాయి కదా, పేరు చూసి ఆపలేవా అని తెలిసినవాళ్లు అడుగుతారు. అలాగే ఆపేవాణ్ణి. కానీ మా బజారులో జాగ్రత్తపరులు ఎక్కువ; మూటను మూటలో పెట్టి పైన తాళం వేసేవారు. అప్పుడు పేర్లు కూడా కనబడవు, వైరస్ మూటలూ అలాగే రాసాగాయి. దేశమంతా ఈ వైరస్‌లు జనాన్ని ఏమార్చడానికి కష్టపడుతుంటే, ఛత్తాబజార్‌లో వాటికి ఎదురెళ్లి స్వాగతం చెప్పారు.

మొదటి దెబ్బ ఖలీల్ భాయ్‌కి తగిలింది. ఖలీల్ ప్రెస్సు బజారు మధ్యలో ఉండేది. వాళ్ల నాన్న ఖత్తాత్, చేత్తో ఉర్దూ అక్షరాలు రాసే కళాకారుడు. ఆయన పోయాక ఆయన రాసిన అక్షరాలన్నీ ఖలీల్ స్కాన్ చేయించి కంప్యూటర్లో పెట్టుకున్నాడు. పెళ్లి కార్డు మీద వధూవరుల పేర్లు ఆ చేతిరాతలోనే కావాలని జనం అతని దగ్గరికి వచ్చేవారు. ఒక పొద్దున పాత ఖాతాదారు పేరుతో తాళం మూట వచ్చింది. "కార్డ్ మేటర్, ఫైనల్" అని రాసుంది. ఖలీల్ విప్పాడు.

నేను వెళ్లేసరికి స్క్రీన్ మీద ఫైళ్ల పేర్లున్నాయి, లోపల అక్షరాల్లేవు. కొన్నింటి కాగితాలు ఇంట్లో మిగిలాయి. చాలావాటివి వానకు తడిసి ఎప్పుడో పోయాయి.

"మూర్తి సాబ్, తాళం ఉండె. తాళం ఉన్నది గద అని తీసిన" అన్నాడు. అంత పెద్ద మనిషి నా మొహం వంక చూడకుండా కీబోర్డు తుడుస్తూ కూర్చున్నాడు. "మా అబ్బా అలిఫ్ ఒక్కటన్న దొరుకుతదా, చూడుండ్రి."

అబ్బా అంటే నాన్న. అలిఫ్ అంటే ఉర్దూలో మొదటి అక్షరం. నిలువుగా ఒక్క గీత. నేను సాయంత్రం దాకా వెతికాను. దొరకలేదు.

అతని కంప్యూటర్ నుంచి అదే మూట అతని పేరుతోనే బజారులో మిగతా ప్రెస్సులకు వెళ్లిపోయింది. ఖలీల్ భాయ్ తాళం వేసి పంపాడు కదా అని వాళ్లూ విప్పారు.

గేటు మూసిన రోజు

మర్నాడు నేను ఎవర్నీ అడక్కుండా ఒక పని చేశాను. తాళం వేసిన మూట ఏదొచ్చినా సర్వర్‌లోనే ఆగిపోయేలా పెట్టేశాను. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా నాకు పశ్చాత్తాపం రావడం లేదు.

అది పెళ్లిళ్ల సీజన్. మధ్యాహ్నానికి మా మెట్ల మీద చెప్పులు పట్టలేదు. నర్సింగరావు నన్ను లోపలికి పిలిచాడు.

"ఏంది మూర్తి సాబ్ ఈ లొల్లి? నన్ను అడిగినవా ఒక్క మాట?"

"అడిగితే వద్దనేవారు సార్."

"వద్దంటనని తెల్సే అడగలే! ఇప్పుడు తీసెయ్."

"తీయను సార్. ఖలీల్ భాయ్‌ది పోయింది. రేపు ఇంకొకరిది పోతుంది."

"వాళ్ల కంప్యూటరు, వాళ్ల ఖర్మ. మనం మెయిల్ పంపెటోళ్లం. ఆపెటోళ్లం గాదు."

"వైరస్ పంపితే కూడా మనం పంపినట్టే సార్."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తీసేయమన్నంత తేలిక కాదు తీయడం; సర్వర్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. ఆ సంగతి మేమిద్దరం పైకి అనలేదు. "బయట జనం ఉన్నరు. పోయి నువ్వే చెప్పుకో" అని కుర్చీ తిప్పుకున్నాడు.

బయట ముందు వరసలో సరిత ఉంది. ఆ అమ్మాయి ఒక ప్రెస్సులో డీటీపీ ఆపరేటర్, ఉప్పుగూడలో మా వెనక వీధి. పొద్దున పాలకేంద్రం దగ్గర నవ్వుతూ పలకరించే మనిషి ఆ రోజు నవ్వలేదు.

"ఏంది సార్, మా కార్డులన్ని జైల్ల ఏసిండ్రు? పెండ్లి ఆగుతదా మీకోసం?"

"తాళం లేకుండా పంపమనమ్మా. క్షణంలో వదులుతాను."

"తాళం లేకుంటె మా సేటు డిజైన్ అటు పక్కోడు కొట్టేస్తడు. వైరస్ కన్న వాడే ఎక్కువ డేంజర్."

జనం నవ్వారు. అటు పక్కవాడు కూడా అక్కడే ఉన్నాడు, అతనూ నవ్వాడు.

"తాళం ఉంటే నాకు లోపల కనబడదమ్మా. కనబడనిదాన్ని ఎలా వదలను?"

"కనబడాల్నా? అయితే మా ఇంటి తాళంచెవి గూడ ఇచ్చి పోతం, సంసారం సూస్కుంటరా?"

వెటకారంగా అంది. మళ్లీ నవ్వులు. నాకు మాత్రం వెటకారం వినబడలేదు, దారి కనబడింది.

"ఇవ్వండి" అన్నాను. "ప్రతి ప్రెస్సూ ఒక పాస్‌వర్డ్ పెట్టుకోండి. మీకు మూటలు పంపేవాళ్లందరికీ అదే చెప్పండి. నాకూ చెప్పండి. సర్వర్ దాంతో విప్పి చూస్తుంది. లోపల వైరస్ లేకపోతే మళ్లీ అదే తాళంతో మీకు పంపిస్తుంది. ఆ చెవితో తెరుచుకోని మూట మాత్రం, ఎవరిదైనా సరే, గేటు దాటదు."

ముందు వరస ఒక మెట్టు వెనక్కి దిగింది. వాళ్ల అనుమానం నాకు అర్థమైంది. బజారు డిజైన్లన్నీ ఒక్క మనిషి చేతిలోకి వస్తాయి. ఆ మనిషి ఎవడు? తెనాలి నుంచి వచ్చినవాడు, ఉర్దూ సరిగా రానివాడు.

వెనక నుంచి ఖలీల్ గొంతు వినబడింది. "సర్వర్ చూస్తది. మీరు?"

"నేను చూడను భాయ్."

"ఎన్నడు?"

"ఎప్పటికీ."

ఖలీల్ ముందుకొచ్చి నా చెవి దగ్గర వంగి తన పాస్‌వర్డ్ చెప్పాడు. అది వాళ్ల నాన్న పేరు.

చెవులు

తర్వాత వారం రోజులు నా రెండు చెవులూ తాళంచెవుల గుత్తిలాగా తయారయ్యాయి. ఒక్కొక్కరే వచ్చి గుసగుసగా చెప్పిపోయేవారు. కొందరు ఉర్దూలో, కొందరు తెలుగులో, ఒకాయన కేవలం పెదవులు కదిపి. ఆయనది మూడుసార్లు తప్పు ఎక్కించాను. సరిత తన సేటు పాస్‌వర్డ్ చెప్పి, "మర్చిపోండ్రి సార్ జెల్ది" అంది. ఎక్కించాక నిజంగానే మర్చిపోయేవాణ్ణి. నా మతిమరుపు జీవితంలో పనికొచ్చిన సందర్భం అదొక్కటే. మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.

గేటు పనిచేసింది. బయటివాడు తాళం వేసి పంపిన దొంగ మూటకు ఛత్తాబజార్ చెవి పట్టదు కదా. అక్కడే ఆగేది. తాళం నమ్మకానికి గుర్తు అన్న బజారు మాటను నేను మార్చలేదు. ఏ తాళమో చూడమని కలిపానంతే. మీరు ఎక్కడ పనిచేసినా ఈ సంగతి గుర్తుంచుకోండి: జనం అలవాటును తెలివితక్కువతనం అని కొట్టిపారేసి మీటింగులు పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. ఆ మీటింగుల్లో టీ బాగుంటుంది. అలవాటు ఎందుకు పుట్టిందో తెలుసుకుంటే, గేటు దాంట్లోనే కట్టవచ్చు.

బామ్మర్ది కోరిక

అసలు దొంగ లోపలి నుంచి వచ్చాడు. వైరస్ గురించి రాయడానికి కూర్చుని ఇది రాయకపోతే నేను అబద్ధం చెప్పినట్టే.

ఏడాది తిరిగేసరికి నర్సింగరావు బామ్మర్ది అఫ్జల్‌గంజ్‌లో కొత్త ప్రెస్సు పెట్టాడు. ఒక రోజు నర్సింగరావు నా టేబుల్ దగ్గరికే వచ్చి కూర్చున్నాడు. ఆయన నా దగ్గరికి వస్తే ఏదో ముంచుకొచ్చినట్టే.

"మూర్తి సాబ్, చాయ్ తాగుతవా?"

"ఇప్పుడే తాగాను సార్."

"ఇంకోటి తాగు." చాయ్ వచ్చింది. "ఖలీల్ మిగిలిన కాయితాల్లకెల్లి వాళ్ల నాయిన అక్షరాలు మళ్ల తయారు జేయించిండంట గద. పెద్ద క్యాలెండర్ ఆర్డర్ కోసం. ఆ ఫైల్ మన సర్వర్ల నుంచే పోతది. ఒక్కసారి మావోనికి చూపియ్యాలె. గంతే."

నేను చాయ్ కింద పెట్టాను. "కుదరదు సార్."

"అరె, సర్వర్ రోజు విప్పుతుంది గద. యంత్రం చూస్తె తప్పు లేదు, మనిషి చూస్తె తప్పా?"

"యంత్రం చూసి మర్చిపోతుంది సార్. మీ బామ్మర్ది మర్చిపోడు."

"నీకు జీతం ఇచ్చేది ఎవరు, ఖలీలా నేనా?"

"మీరే సార్. తాళంచెవి ఇచ్చింది మాత్రం ఖలీల్."

"సర్వర్ నాది. దాన్ల ఉన్నది నాది."

"సర్వర్ మీదే."

ఆయన లేచాడు. "రేపు పొద్దుగాల్ల దాంక టైమ్. ఫైల్ చూపిస్తె ఉద్యోగం ఉంటది. లేకుంటె ఇంట్ల గూసో. ఫికర్ లేదు, నీలాంటోళ్లు మస్తు దొరుకుతరు."

ఆ మాట నిజం. నాలాంటివాళ్లు దొరుకుతారు. వాళ్లలో ఎవడో ఒకడు చూపిస్తాడు కూడా. నేను కాకపోతే ఇంకొకడు చేసేదాన్ని నేను చేస్తే ఏం పోయిందన్న వాదన మీకు కూడా ఎవరో ఒకరు చాయ్ తాగిస్తూ వినిపిస్తారు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఆ వాదనకు తలూపుతుంటాయి. తల ఊపనివ్వండి, చెయ్యి మాత్రం ఊపకండి.

నేను తెల్లారేదాకా ఆగలేదు. ఆయన మెట్లు దిగాక సర్వర్‌లో ఉన్న ప్రెస్సుల పాస్‌వర్డ్‌లన్నీ చెరిపేశాను. గేటు మాత్రం మూసే ఉంచాను. తర్వాత ఛత్తాబజార్ వెళ్లి ఖలీల్ ప్రెస్సు ముందు నిలబడి, అందరికీ వినబడేలా చెప్పాను: "మీరు నాకిచ్చిన చెవులు ఇప్పుడు సర్వర్‌లో లేవు. రేపటి నుంచి నేను కూడా అక్కడ ఉండను. ఎవరొచ్చి అడిగినా కొత్తవి ఇవ్వకండి."

"కైకు?" అన్నాడు ఖలీల్. ఎందుకని.

"అది అడక్కండి భాయ్." యజమాని పేరు బజారులో తీయడం నాకిష్టం లేదు. ఆయన నాకు ఎన్నో ఏళ్లు జీతమిచ్చిన మనిషి.

ఖలీల్ అటు పక్క ప్రెస్సువాణ్ణి చూశాడు. అతను అర్థమైందన్నట్టు తలూపాడు. అఫ్జల్‌గంజ్ కొత్త ప్రెస్సు సంగతి బజారుకు నాకంటే ముందే తెలుసనుకుంటాను.

"తెలుగోళ్లు గింత మొండిగుంటరని తెల్వదు" అంది సరిత, తన ప్రెస్సు లోపల నుంచి.

"నువ్వు తెలుగుదానివి కాదా అమ్మా?"

"మేము హైద్రాబాదోళ్లం సార్."

గేటు మళ్లీ

నెల రోజులు ఇంట్లో కూర్చున్నాను. మా ఆవిడ ఒక్క మాట అనలేదు, కూరల్లో మాత్రం ఉప్పు తగ్గింది. నెల తర్వాత ఖలీల్, పక్క ప్రెస్సువాడు, ఇంకా కొందరు ఉప్పుగూడ వచ్చారు. బజారు ప్రెస్సులన్నీ కలిసి సొంతంగా మెయిల్ సర్వర్ పెట్టుకుంటాయట. ఖలీల్ ప్రెస్సు పైన గది ఉంది. గేటు దగ్గర కూర్చునేవాడు కావాలి.

"దర్బాన్ ఉద్యోగం" అన్నాడు ఖలీల్. "చూడని దర్బాన్."

రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. కింద ప్రెస్సు చప్పుడు, పైన నేను. ఈలోగా ఇంటర్నెట్ వేగం పెరిగింది, డిజైన్లు జిప్ లేకుండానే పంపే కాలం వచ్చింది. తాళం మాత్రం పోలేదు. దిష్టికి బ్రాడ్‌బ్యాండ్‌తో పనేముంది?

నేను దిగిపోయే వారంలో సర్వర్ ఒక మూటను ఆపింది. పంపింది ఖలీల్ ప్రెస్సు. తాళం ఉంది, చెవి పట్టలేదు. ఎప్పటిలాగే ఫోన్ చేశాను.

"భాయ్, మీ మూట ఒకటి ఆగింది. పాస్‌వర్డ్ తప్పు పెట్టినట్టున్నారు."

"అరె సాబ్, వదలుండ్రి! నేనే పంపిన గద!"

"ఎవరు పంపారో నాకెలా తెలుస్తుంది? వైరస్ కూడా ఒకసారి మీ పేరుతోనే వచ్చింది."

కిందినుంచి కుర్చీ జరిపిన చప్పుడు. ఖలీల్ మెట్లెక్కి వచ్చి, ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడ్డాడు. వెనక సరిత. ఇప్పుడు ఆమె ఖలీల్ ప్రెస్సులో భాగస్వామి.

"అది మీ కార్డు సార్" అంది సరిత. "మీ రిటైర్మెంట్ ఫంక్షన్‌ది. బజారంత కలిసి జేస్తున్రు. మీకే పంపినం. సర్‌ప్రైజ్ అని వేరే పాస్‌వర్డ్ పెట్టిన, మేమే వచ్చి చెప్దమని. ఇప్పుడు చెప్పాల్సి వచ్చె. మీ పేరు భాయ్ వాళ్ల నాయిన అక్షరాల్ల రాయించినం. అలిఫ్ దొరికింది, పాత కాయితంల."

కుర్చీ వెనక్కి తిప్పాను. స్క్రీన్ మీద ఆగిన మూట కనబడుతోంది. ఒక్క బటన్ నొక్కితే గేటు దాటుతుంది. ఇద్దరూ నా చెయ్యి వంక చూస్తున్నారు.

"బాగుంది" అన్నాను. "కిందికెళ్లి, సరైన తాళం వేసి, మళ్లీ పంపండి."

"సాబ్!" అన్నాడు ఖలీల్. "మీ కార్డే!"

"ఎవరిదైనా సరే భాయ్."

సరిత నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకుంది. ఖలీల్ ఏదో తిట్టుకుంటూ మెట్లు దిగాడు. కాసేపటికి మూట మళ్లీ వచ్చింది, చెవి పట్టింది, గేటు దాటి నా ఇన్‌బాక్స్‌లో పడింది.

అప్పుడు విప్పి చూశాను.